ఇద్దరమే మాట్లాడిన భాష

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పెద్దక్క. కాళేశ్వరం పోయి గోదావరి స్నానం చేసి, తిరుగు ప్రయాణంలో భూపాలపల్లిలో దిగి నా దోస్తును చూసి, అక్కడి నుంచి నేరుగా జనగామలో నేనుండే ఇంటికి వచ్చింది. సంచిలో స్వామి ప్రసాదం, సీసాలో గోదావరి నీళ్లు ఉన్నాయి. నేను ప్రసాదం కళ్లకద్దుకుని నోట్లో వేసుకునేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"నీ దోస్తుకు మాట పోయింది చెల్లే. నోట్ల పుండు లేసి ముదిరిందట. వరంగల్ దవాఖానల నాలిక దీసేసిండ్రు."

అక్క మంచినీళ్లు తాగి, గొంతు తగ్గించి మళ్లీ అందుకుంది.

"గదొక్కటైతే దేవుడిచ్చిన కష్టమనుకుందుము. వాకిట్ల కూసోని ముగ్గుపిండితోని ఏందేందో గీస్తున్నది. పొద్దుగాల లేస్తే గదే పనట. ముగ్గు కాదు, మరేందో. చుట్టుపక్కలోళ్లు మంత్రాలంటున్నరు. నేను కండ్లార చూసిన. జర భయమే అయింది."

"ఎట్లున్నయక్కా ఆ గీతలు?"

అక్క గ్లాసులో వేలు ముంచి గచ్చు మీద గీసి చూపించింది. ఒక చుక్క, దాని ఎడమ పక్క నుంచి వంగిపోయిన గీత. పక్కన ఇంకో చుక్క, దాని చుట్టూ మూసిన సున్న, ఆ సున్న నుంచి కిందికి ఒక తోక. గచ్చు మీద నీళ్లు ఆరిపోతుండగానే చదివాను. 'రా' అని ఉంది.

"ఏందే, గట్ల చూస్తవు?" అన్నది అక్క.

"మంత్రం కాదక్కా. నన్ను రమ్మంటున్నది."

అక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమో అనుకుని.

ఇది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మాది లింగాల ఘనపూర్ పక్కన ఒక ఊరు. పుట్టినప్పటి నుంచి నాకు ఆయాసం. దుమ్ము తగిలితే ఊపిరి ఆడేది కాదు. బడికి పంపితే బిడ్డ దక్కదని మా బాపు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి, పీట మీద సన్నటి ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు. పొలం పని, పంచాయితీల పని ఎంత ఉన్నా నా పాఠం ఒక్కరోజు తప్పించలేదు. ఈ రోజు నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. పొద్దున దీపం వెలిగించగానే దేవుడి తర్వాత ఆయనకే దండం పెట్టుకుంటాను.

పత్తి పగిలే కాలానికి మహబూబాబాద్ పక్క తండాల నుంచి కుటుంబాలు మా ఊరికి ఏరడానికి వచ్చేవి. ఒక కుటుంబం ఏటా మా ఎడ్ల కొట్టానికి ఆనించి వేసిన సాయబాను పంచలో దిగేది. నా దోస్తు అట్లా తల్లి వెంట వచ్చింది. నా ఈడుదే. తల్లి చేనుకు పోతే, చంటి తమ్ముణ్ని చూసుకుంటూ కొట్టంలో ఉండిపోయేది. నేను ఇంట్లో ఉండిపోయేదాన్ని. ఊరంతా చేలల్లో ఉంటే, పగలంతా ఆ వాకిట్లో ఉన్నది మేమిద్దరమే.

ఆమె ఇంట్లో మాట్లాడేది లంబాడీ. నాకొచ్చింది తెలుగు. మొదటి ఏడు ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె మాట రాదు. మొదట ఆమె ఎడ్లను అదిలించేటప్పుడు చేసినట్టు నాలుకను అంగిలికి కొట్టి 'టక్' అనిపించి నన్ను పిలిచింది. నేను కోళ్లను పిలిచినట్టు పెదాలు ముడిచి సద్దు చేశాను. ఇద్దరం నవ్వుకున్నాం. భాష అక్కడ మొదలైంది.

మనుషులు మనుషులతో మాట్లాడే సద్దులు ఇందులో వద్దని ఆమే పట్టుబట్టింది. ఎడ్లను ఆపేటప్పుడు గొంతులో ఆడే సద్దు, మేకల్ని మళ్లించేటప్పుడు పెదాలతో చేసే 'టుర్ర్', కారం తగిలితే పళ్ల సందు నుంచి లోపలికి పీల్చే గాలి, నోరు మూసుకుని ముక్కుతో తీసే 'మ్మ్', నాలుక ముందు భాగం కొడితే ఒకటి, పక్క భాగం కొడితే మరొకటి. తెలుగులో ఉన్న ఒత్తులు, సంయుక్తాలు లేవు. ప్రతి మాట పొట్టిది. మాటకూ మాటకూ నడుమ ఊపిరి లోపలికి పీల్చాలి, పీల్చిన చప్పుడు వినబడాలి. అది లేకపోతే మాట పూర్తికానట్టే. ఆ నియమం ఎందుకు పెట్టిందో నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు. నాకు ఒక్క గుక్కలో ఎక్కువ మాట్లాడితే ఆయాసం వచ్చేది. ఆమెకు ఎంతసేపైనా గుక్క తిప్పుకోకుండా పాడే ఊపిరి ఉంది. అయినా నాతోపాటు ఆగి ఆగి మాట్లాడేది.

రెండో ఏడు వచ్చేసరికి ఆమెకు తెలుగు పట్టుబడింది. ఇక ఆ సద్దులతో పని లేదు కదా అన్నాను.

"తెలుగుల మాట్లాడితె నిన్ను పటేలు బిడ్డ లెక్క పిలువాలె. గీ సద్దుల్ల అయితె నువ్వూ నేనూ ఒక్కటే. గిదే మంచిగుంది," అన్నది.

అక్షరాలు నేర్పుతానని పీట ముందు కూర్చోబెట్టాను. కొంచెంసేపు చూసి లేచింది. "ఓయమ్మో, గిన్ని కొమ్ములా! మా తండ మేకలకు గూడ గిన్ని లెవ్వు. నాతోని గాదు." మళ్లీ ఆ పీట ముందుకు రాలేదు. కానీ ముగ్గు ఆమెకు వచ్చు. మా ఇంటి వాకిట్లో ముగ్గు పెట్టే పని మా అమ్మ ఆమెకు ఇవ్వలేదు. కొట్టం ముందు మాత్రం పెట్టనిచ్చేది. అందుకని మా రాత కొట్టం ముందే పుట్టింది.

చుక్క అంటే నాలుక. చుక్కకు ఎడమ పక్కన గీత పోతే నోరు తెరవాలి, కుడి పక్కన పోతే పెదాలు ముడవాలి. చుక్క చుట్టూ సున్న చుడితే నోరు మూసి 'మ్మ్' అనాలి. చుక్క మీదుగా గీత పోతే నాలుకను పక్కకు కొట్టాలి, గీత వణికితే 'టుర్ర్'. కిందికి తోక లాగితే ఊపిరి పీల్చాలి. పలికేదంతా రాయాలి, రాసిందంతా పలకాలి. ముగ్గు పెట్టేవాళ్లు వెనక్కి నడుస్తారు కాబట్టి మా రాత గడప దగ్గర మొదలై బయటికి పోయేది. మర్నాడు ఊడ్చి కళ్లాపి చల్లితే రాసిందంతా పోయేది. ఏదీ దాచుకోలేదు. దాచుకోవాలని మాకు తోచలేదు కూడా.

మాటలు ఎన్ని ఉండేవో చెప్పలేను గానీ, ఆ వాకిట్లో కనబడే వాటికే ఉండేవి. పాలు, కుక్క, ఎండ, మెత్తటిది, చేదు, రా, పో, వద్దు, నవ్వు వస్తున్నది, మీ అమ్మ వస్తున్నది. కోసే వాటన్నింటికీ కలిపి 'కొడవలి' అని ఒకే మాట. ఇంటికి మాత్రం రెండు మాటలు, నీ ఇల్లు, నా ఇల్లు. పత్తి అయిపోయి తండాకు మళ్లే ముందు రోజు ఆమె కొట్టం ముందు 'నా ఇల్లు' అని పెద్దగా రాసేది. సంతోషంతో రాసేది. నేను దాని పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని.

పెళ్లయ్యాక ఆమె భూపాలపల్లికి పోయింది. భర్త బొగ్గు గనుల దగ్గర కూలి, ఆయన పోయాక కొడుకు బొగ్గు లారీ మీద పని. ఫోన్లు వచ్చాక అప్పుడప్పుడు మాట్లాడుకునేవాళ్లం. తెలుగులో యోగక్షేమాలు అయిపోయాక, చివర్లో నాలుగు సద్దులు మా భాషలో. ఫోనులో సిగ్నల్ చెడిపోయిందేమో అనుకునేవాళ్లు చుట్టూ ఉన్నవాళ్లు. ఈ మధ్య కొన్నాళ్లుగా ఫోను ఎత్తడం లేదు. పనిలో ఉందనుకున్నాను.

అక్క వచ్చిన మర్నాడే బయలుదేరాను. దుమ్ముకు భయపడి మా అక్క వద్దన్నది. వరంగల్‌లో బస్సు మారి భూపాలపల్లి చేరాను. నా ఊపిరి చూసి ముందు సీటు ఇప్పించిన కండక్టరును దేవుడు చల్లగా చూడాలి.

అక్క ముందే కబురు పెట్టడంతో ఆమె కొడుకు బస్టాండుకు వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. అద్దె గది, ముందు చిన్న అరుగు. ఆమె అరుగు మీద బొంత పరుచుకుని కూర్చుని ఉంది. దవడ చుట్టూ బట్ట కట్టుకుంది, ముక్కులో గొట్టం. నన్ను చూసి లేవబోయి కూర్చుంది. నేను పక్కన కూర్చుని, మా భాషలో నాలుక కొట్టి పిలిచాను. ఆమె నోరు కదిలింది. ఏమీ రాలేదు. ఆ భాష మొత్తం నాలుక మీద కట్టుకున్నాం మేము.

"ముగ్గుపిండి నేనే దాసిపెట్టిన పెద్దమ్మా," అన్నాడు కొడుకు, నేల చూస్తూ. "పక్కింటి పిల్లగానికి జెరం తగ్గుత లేదట. అమ్మ గీసుడు వల్లనే అని లొల్లి. వాకిలి కడిగిన, డబ్బ అటక మీద పెట్టిన. అయినా ఊకుంట లేదు."

ఊకోలేదన్న సంగతి నాకు కనబడుతూనే ఉంది. భూపాలపల్లిలో దేని మీదైనా బొగ్గు పొడి పేరుకుంటుంది. ఆమె అరుగు అంచున ఆ నల్లటి పొడిలో వేలితో రాసింది. గీతలు సన్నవే గానీ తప్పుల్లేవు. నేను వేలు పెట్టి, పలుకుతూ చదివాను. 'కొడవలి వద్దు. నా ఇల్లు.' మళ్లీ కింద అదే. 'కొడవలి వద్దు. నా ఇల్లు.'

"ఏమంటుంది?" అన్నాడు కొడుకు.

"మళ్లీ కోసుడు వద్దంటున్నది బిడ్డా. తండాకు తీసుకపొమ్మంటున్నది."

హైదరాబాదులో ఇంకో ఆపరేషను చేయాలన్నారని, దానికి సంతకం పెట్టి వచ్చానని, ఆ మాట తల్లికి తానే చెప్పానని, ఆమె తల అడ్డంగా ఊపితే మందుల మత్తనుకున్నానని అతను అప్పుడు చెప్పాడు.

"పెద్దమ్మా, ఏమనుకోకు. మీ ఇద్దరి టక్కుటక్కు చిన్నప్పటి సంది ఇంటున్న. ఆటలనుకున్న. గిది నువ్వు నీ మనసుల మాట చెప్తున్నవో, అమ్మ మాట చెప్తున్నవో నాకెట్ల ఎరుకైతది?"

కోపంగా అనలేదు. తల్లి ప్రాణం సంగతి కదా, అడగాల్సిందే అడిగాడు.

"నన్ను గల్లీ చివరకు పంపు. అమ్మతోని నీకు తెలిసిందే ఏదన్న రాయించు," అన్నాను.

నేను మలుపు దాకా పోయి నిలబడ్డాను. అతను చెయ్యూపాక వచ్చాను. అరుగు మీద కొత్త గీతలు. 'మెత్తటిది. చేదు వద్దు. పాలు.' అని చదివి చెప్పాను.

అతని మొహం మారిపోయింది. "నిన్న తలకింద పెట్టను మెత్త కొనుక్కొచ్చిన. చేదు తేన్పులొస్తున్నట్టుంది, మందు గొట్టంల పోయనిస్తలేదు, పాలల్ల కలిపి పోసిన. నిన్న ఏం జేసిన్నో రాయుమన్న," అంటూ తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, ఇన్ని దినాలు గిదేనా నువ్వు చెప్పేది?"

ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది. వేళ్లన్నీ బొగ్గు. ఆ పిల్లవాడి నెత్తి మీద నల్లటి అచ్చు పడింది. ఆ ఒక్క ఘడియ నాకు చూపించినందుకు స్వామికి ఇప్పటికీ కృతజ్ఞురాలినే.

"సరే," అన్నాడు కళ్లు తుడుచుకుని. "దవాఖానకు పోయేది ఆపుత. మా మేనమామలు పత్తికి పోయిండ్రు. ఆళ్లు తండకు మళ్లినంక అమ్మను అక్కడికే తీస్కపోత. అందర్ని కూసోబెట్టి మాట్లాడ్త."

మేమిద్దరం ఆ మధ్యాహ్నమంతా అరుగు మీదే ఉన్నాం. ఆమె రాసేది, నేను చదివేదాన్ని, చెరిపేసి మళ్లీ రాసేది. 'కుక్క' అని రాసింది. మా కొట్టంలో ఉన్న గుడ్డి కుక్క గుర్తొచ్చి నవ్వాను. నొప్పి ఎట్లా ఉందని మా భాషలోనే అడుగుదామంటే అందులో ఆ మాట లేదు. ముల్లు గుచ్చుకుంటే అనుకునే మాట ఒకటే ఉంది. అది రాశాను. ఆమె దాని పక్కన అదే మాట రాసింది, దాని పక్కన మళ్లీ అదే, అరుగు అంచు అయిపోయేదాకా.

నేను చదివేటప్పుడు పైకి పలుకుతున్నానన్న ధ్యాస లేదు నాకు. నాలుక కొట్టడం, పళ్ల సందు నుంచి గాలి పీల్చడం, 'టుర్ర్' మనడం. తలెత్తి చూస్తే గల్లీలో ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. పక్కింట్లోనే ఉండే ఇంటామె, ఈ గది అద్దెకిచ్చినామె, ముందుకు వచ్చింది.

"ఓయమ్మా, గీసుడొక్కటే అనుకున్నం. చదివెటామె గూడ వచ్చిందా?"

"అవ్వా, ఇవి అక్షరాలు. చిన్నప్పుడు మేం ఆడుకుంట చేసుకున్నయి."

"ఆడుకునెటోళ్లు గట్ల బుసలు కొడ్తరా? బొగ్గుల గీసుడేంది, గాలి గుంజుడేంది? నేను నా చెవుల ఇన్న."

"నుదుటి మీద విభూతి చూడు. దేవుని దండం పెట్టుకునేదాన్ని. నీ మీద ఒట్టు..."

"నా మీద ఒట్టెందుకు పెడ్తవు తల్లీ!" అని ఆమె నిజంగానే భయపడి వెనక్కి జరిగింది. వెనక నుంచి ఎవరో, "విభూతి పెట్టుకున్నోళ్లకే మంత్రాలొస్తయి," అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఇంటామె నవ్వలేదు.

"కొడుకా, నీ మీద నాకు కోపం లేదు. రేపు పొద్దుగాల గది ఖాళీ జెయ్. నా మనుమనికి ఏమన్నయితె నేను బతుకను."

ఆమె చెడ్డ మనిషి కాదు. మనుమడి ఒళ్లు కాలిపోతుంటే ఎవరికైనా కారణం కావాలి. అక్కడి భయం నాకు తెలియనిది కాదు, మా ఊళ్లోనూ ఉంది. నేను ఎంత చెప్పినా ప్రతి మాటా వాళ్లకు మరో సాక్ష్యమే అయింది.

వాళ్లు పోయాక కొడుకు గడపలో కూర్చున్నాడు.

"ఇప్పుడెట్ల బిడ్డా? రేపే తండాకు తీస్కపోదామా?"

"తండల ఎవలున్నరు పెద్దమ్మా? అమ్మ పుట్టిన ఇల్లు కూలింది. మామలోళ్ల ఇండ్లకు తాళాలు. ముక్కుల గొట్టం పెట్టుకున్న మనిషిని ఏడ పండవెట్టాలె? ఇంకో గది ఎవడిస్తడు గిప్పుడు? హైదరాబాద్ దవాఖానల మంచం ఉన్నదన్నరు. మంచమన్న దొరుకుతది గద."

"నా దగ్గరికి తీసుకురా, జనగామకు."

"నీకే ఊపిరాడది. రాత్రికి గొట్టం ఊడితె ఇద్దరు పోతరు."

అతను తల్లి ముందుకు పోయి, చేతులు జోడించి, హైదరాబాదుకే పోవాలని చెప్పాడు. ఆమె అరుగు వైపు చూసింది. వేలు పెట్టలేదు. రాసిందాన్ని కొంగుతో నిదానంగా తుడిచేసింది.

ఆపరేషను తర్వాత నేను హైదరాబాదు పోయి చూశాను. లోపలికి ఒక్కరినే పంపారు. ఆమె రెండు చేతులూ మంచం కడ్డీలకు మెత్తటి బట్టతో కట్టి ఉన్నాయి. గొట్టం పీకేసుకుంటున్నదట.

"ఒక్క చెయ్యి జరసేపు వదలండమ్మా," అని నర్సును బతిమాలాను. పాపం, మంచి పిల్ల. విప్పి, పక్కనే నిలబడింది. నేను నా అరచేయి చాపాను. ఆమె వేలు నా అరచేతిలో కదిలింది. బలం లేదు. ఎక్కడ చుక్కో, ఎక్కడ గీతో తెలియలేదు. మళ్లీ రాయమన్నాను. మళ్లీ కదిలింది. నాకు అర్థం కాలేదు. కాలేదని తల ఊపి చెప్పాను. ఆమె నన్ను కొంచెంసేపు చూసి, చేయి తానే కడ్డీ దగ్గర పెట్టింది. నర్సు కట్టేసింది.

ఆ వారంలోనే పోయింది. కొడుకు అంబులెన్సులో తండాకు తీసుకుపోయాడు. పత్తి ఏరేచోటి నుంచి మేనమామలు వచ్చారు, తాళాలు తీశారు. నేను చేరేసరికి తండా ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తున్నారు. నన్నూ ఒకామె మెడ పట్టుకుంది. వాళ్ల మాట నాకు ఇప్పటికీ రాదు. ఊరికే ఏడ్చాను. ఆమె పుట్టిన ఇంటి కూలిన గోడ పక్కనే ఉంది, ఆమె తిరిగిన నేల ఉంది. ఇంటికైతే తెచ్చారు కదా అని ఎవరో తెలుగులో నన్ను ఓదార్చారు. తెచ్చారు, నిజమే.

ఆ భాష ఎవరికైనా నేర్పరాదా అని అక్క అడిగింది. నేర్పాలని ఒకసారి కూర్చున్నాను. ఎదురుగా ఎవరున్నా ఆ సద్దులు నా నోట రావడం లేదు. అయినా ఏం నేర్పాలి, ఒక వాకిలి పట్టేటన్ని మాటలు. అవసరం పడినప్పుడు ఒక మనిషిని కాపాడలేకపోయిన మాటలు. ఆమె చెప్పింది, నేను చదివాను, కొడుకు నమ్మాడు. అయినా జరిగింది ఆమె వద్దన్నదే. నేను పూజ మానలేదు. దేవుడు ఇచ్చినవాటికి దండం పెట్టుకుంటూనే ఉన్నాను. ఏదైనా అడగడం మాత్రం మానేశాను.

ఇది చదివినవాళ్లను ఒక్కటి కోరుతున్నాను. ఇంటికి పోతానని బొగ్గు పొడిలో రాసి అడిగి, బతికుండగా ఇల్లు చేరని తండా ఆడమనిషి ఒకామె ఉండేది. మీ మీ దేవుళ్లకు దండం పెట్టుకునేటప్పుడు, ఒక్కసారి ఆమెను తలుచుకోండి.